నల్ల పిడి

“నన్ను హంతకురాలంటోందండీ మా అత్తగారు. తడి చేతులతో స్క్రూడ్రైవర్ అందించి మా ఆయన్ని చంపేశానట. రేపు పోలీసులకు చెబుతుందట!”

డిటెక్టివ్ ఎదుట కూర్చుంటూనే ఆమె అన్న మాటలివి. ఆమె భర్త, మరిది కలిసి ప్లాస్టిక్ సామాన్ల వర్క్‌షాపు నడిపేవారు. మెషీన్ ఆపితే కరిగిన ప్లాస్టిక్ లోపలే గడ్డకట్టుకుపోతుందని భర్త కరెంటు తియ్యకుండానే రిపేర్లు చేసేవాడు. అలా చేస్తూనే షాక్ కొట్టి పోయాడు.

“మీ చేతులు తడిగా ఉన్నాయా?”

“లేవండీ. బల్ల మీదున్నది తీసి ఇచ్చానంతే.”

“అన్నదమ్ములకు పడేదా?”

“ఈయన వర్క్‌షాపు అమ్మేద్దామన్నారు. మరిది ససేమిరా అన్నాడు.”

వర్క్‌షాపులో స్క్రూడ్రైవర్లన్నింటికీ అక్కడే పోసుకున్న ఎర్ర ప్లాస్టిక్ పిడులే. పోయినవాడు వాడినదానికి మాత్రం నల్లది. గోడవారన అదే రంగు ట్రేలు దొంతరగా పేర్చి ఉన్నాయి.

“ఇవెందుకు?” డిటెక్టివ్ అడిగాడు.

“ఎలక్ట్రానిక్ సామాన్లు పెట్టుకోడానికండి. నానో కార్బన్ కలుపుతాం, స్టాటిక్ కరెంటు నిలవదు. పాళ్ళు నాకొక్కడికే తెలుసు, అన్నయ్యక్కూడా చెప్పలేదు” అన్నాడు మరిది గర్వంగా.

డిటెక్టివ్ ముందు ట్రేకి, తర్వాత నల్ల పిడికి మీటరు ఆనించి చూశాడు. వెంట వచ్చిన అసిస్టెంటుకు ముక్క అర్థం కాకపోయినా ఆహా అన్నట్టు తలూపాడు. జీతం అందుకే ఇస్తున్నారని అతని నమ్మకం.

సాయంత్రం అత్తగారినీ, మరిదినీ, కోడలినీ మెషీన్ దగ్గరే కూర్చోబెట్టారు. స్క్రూడ్రైవర్ మొన వైరుకు ఆనించి ఉంది.

“అమ్మా, తడే ప్రాణం తీసిందన్నారుగా. ఇప్పుడిది పొడిగా ఉంది. కరెంటు ఉంది. పిడి పట్టుకోండి.”

అత్తగారు చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది.

“పోనీ, మీరు?”

మరిది కదల్లేదు.

కోడలు లేచి వెళ్ళి పట్టుకుంది. ఏమీ కాలేదు.

“ఫ్యూజు నా జేబులో ఉంది” అన్నాడు డిటెక్టివ్. “ఈ పిడిలో కలిపినవి వెంట్రుక కన్నా వేల రెట్లు సన్నని కార్బన్ పోగులు. ప్లాస్టిక్‌లో ఒకదాన్నొకటి తాకుతూ కరెంటుకు దారి వేస్తాయి. ఎక్కువ కలిపితే అది పేరుకే ప్లాస్టిక్.”

“మెషీన్‌లో మిగిలిన ట్రే సరుకు పొరపాటున కలిసుంటుంది!” అని అరిచాడు మరిది.

“అలా కలిస్తే ట్రే కన్నా తక్కువ పారాలి. ఈ పిడిలో ఎన్నో రెట్లు ఎక్కువ పారుతోంది. ఆ పాళ్ళు నీకొక్కడికే తెలుసన్నావు.”

మరిది మొహం నెత్తురుచుక్క లేకుండా పాలిపోయింది. అసిస్టెంటు పోలీసులకు ఫోన్ చేశాడు.

“పిడి సంగతి మీకెలా తెలిసిందమ్మా?” డిటెక్టివ్ అత్తగారి వైపు తిరిగాడు.

“పిడి మారుస్తుంటే చూశాను. ఎందుకో తర్వాత అర్థమైంది.” ఆమె గొంతులో జంకు లేదు. “పెద్దాడు ఎలాగూ పోయాడు. ఉన్న ఒక్కణ్ణీ మిగల్చకూడదా? జైలుకి ఇది పోతే నీ సొమ్మేం పోయింది?”

కోడలి చెయ్యి ఇంకా పిడి మీదే ఉంది.

“అత్తయ్యా, కరెంటు ఉందనే కదా అనుకున్నారు. నేను పట్టుకోబోతుంటే ఒక్క మాటైనా అనలేదేం?”

“ఎందుకంటాను?” అంది అత్తగారు.