అల్లుడి పేరు తీసేస్తే

పొద్దున్నే, ల్యాబ్ తలుపులు తీయకముందే ఇంట్లో రభస మొదలైంది. కింద రక్తపరీక్షల ల్యాబ్, పైన కాపురం. పెద్దకూతురు చంటిపిల్లతో పుట్టింటికి వచ్చి కూర్చుంది.

"సాయంత్రం అల్లుడుగారు వస్తారు. మారు మాట్లాడకుండా వెళ్లు," అన్నాడు తండ్రి. "నలుగురిలో అరిచాడని అలిగి వచ్చేస్తే ఎలా? మన రిపోర్టులన్నీ ఆయన రాసిన ప్రోగ్రామ్‌లోనే ఉన్నాయి. ఆయనకి కోపం వస్తే మనం తలుపులు మూసుకోవాలి."

చిన్నకూతురికి ఒళ్లు మండింది. ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్‌లో లోపాలు వెతకడమే ఆమె ఉద్యోగం.

"అక్కని పంపేది కాపురానికా నాన్నా, కంప్యూటర్‌కా? మొన్న ఫోన్లో బావ ఏమన్నాడు? 'నా పేరు తీసి చూడండి, ల్యాబ్ ఎలా నడుస్తుందో' అన్నాడు. ఆ మాట నాకు మింగుడు పడట్లేదు. ఆ ప్రోగ్రామ్ నేను చూడాలి."

"ఇంటి అల్లుడి మీద అనుమానమా! రోజూ యాంటీవైరస్ నడుపుతూనే ఉన్నాను. ఏమీ లేదనే అంటోంది."

"అది ఊరందరికీ తెలిసిన దొంగల్నే పడుతుంది. మన ఒక్క ఇంటి కోసమే తయారుచేసినదాన్ని ఎలా గుర్తుపడుతుంది?"

ప్రోగ్రామ్‌నీ రిపోర్టులనీ తన పాత ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసి, ఇంటర్నెట్ తీసేసింది. అంతా మామూలుగానే నడిచింది. ఏదో ఒక రోజుకి గురిపెట్టాడేమోనని తారీఖు ముందుకు జరిపినా ఏమీ కాలేదు. చూశావా అన్నట్టు తండ్రి కళ్లెగరేశాడు. అప్పుడామె వాడేవాళ్ల జాబితాలోంచి బావ పేరొక్కటే తీసేసి మళ్లీ తెరిచింది. తెర మీద 'స్వాగతం' వచ్చింది. దాని చాటున రిపోర్టులు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి.

"ఆపు! ఆపవే!" తండ్రి లేచి నిలబడ్డాడు.

"ఇది కాపీయే నాన్నా. అసలువి భద్రంగా ఉన్నాయి."

పాత అప్‌డేట్లన్నీ తిరగేసి, రిపోర్టుల్ని చెరిపేసే ఆ కోడ్ ముక్క ఎందులో మొదటిసారి చేరిందో పట్టుకుంది. చెప్పాలా వద్దా అని తటపటాయించింది.

"ఎప్పుడు పెట్టాడే?" అక్క అడిగింది.

"పాప పుట్టిన నెలలో."

"అప్పుడు మా మధ్య ఒక్క మాట కూడా లేదు కదే! పాపని గుండెల మీద పడుకోబెట్టుకుని ఒంటిచేత్తో పనిచేసేవాడు. ఎంత ముచ్చటపడి చూసేదాన్నో."

ఆ మధ్యాహ్నమే చిన్నది ల్యాబ్‌లోని అసలు ప్రోగ్రామ్‌లో ఆ ముక్కని పనిచేయకుండా చేసి, తర్వాతే అతని పేరు తీసేసింది.

సాయంత్రం అల్లుడు వచ్చి దర్జాగా కూర్చున్నాడు. విషయం విని తడబడనైనా లేదు.

"మీరు నన్ను పక్కన పెట్టకుండా చిన్న జాగ్రత్త మామయ్యా. తప్పేముంది?"

"తప్పేముందా?" పెద్దది లేచింది. "అవి ఆపరేషన్ల కోసం ఎదురుచూస్తున్న వాళ్ల రిపోర్టులు. నీ పట్టుదల కోసం వాళ్ల ప్రాణాలతో ఆడతావా? నేను గొడవపడ్డాక పెట్టినా కోపం అనుకునేదాన్ని. ప్రేమగా ఉన్న రోజుల్లోనే పెట్టావు. నీతో రాను."

అతను మామగారి వైపు చూశాడు, వెనకేసుకొస్తాడని.

"లే. బయటికి నడు," అన్నాడు తండ్రి.

తలుపు మూసుకున్నాక పెద్దకూతురి పక్కన వచ్చి కూర్చున్నాడు.

"ల్యాబ్ ఏమైపోతుందోనని భయపడ్డానమ్మా. నువ్వేమైపోతావో ఆలోచించలేదు."

"వాడు చేసిందానికి కోపమే వచ్చింది నాన్నా," అందామె. "పొద్దున నువ్వు వెళ్లమన్నప్పుడే ఏడుపొచ్చింది."

అని, తండ్రి భుజం మీద తల వాల్చి బావురుమంది.