రెండు ఫ్యాన్లూ లోపలికే

మా మేనత్తకి కంప్యూటర్ కావాలి, కానీ అది ఎవరికీ కనపడకూడదు. దొంగ సొమ్ము దాచినట్టు దాన్ని కొత్త టేబుల్ కింది అరలో పెట్టి తలుపు వేసేసింది. ఆవిడ రిటైరైన లెక్కల టీచరు, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో పాఠాలు చెబుతుంది. లెక్క సగంలో ఉండగా కంప్యూటర్ వేడెక్కి ఆగిపోతోంది. అయినా టేబుల్ అందంగా ఉందని అందరూ మెచ్చుకుంటున్నారట, ఆవిడకి అది చాలు.

నేను కంప్యూటర్లు బాగుచేస్తాను. మా చుట్టాల్లో నా మాటకి తిరుగులేదు. వాళ్లెవరికీ కంప్యూటర్ గురించి ఏమీ తెలియకపోవడమే అందుకు కారణం.

అరకి గాలి ఆడాలంటే వెనక చెక్కకి కిందొకటి, పైనొకటి కన్నాలు పెట్టాలని తేల్చి, టేబుల్ చేసిన షాపుకి కబురు పెట్టించాను. చెవి మీద పెన్సిల్‌తో ఒకమ్మాయి వచ్చింది, షాపాయన కూతురట.

"మీ నాన్నగారు రాలేదా?" అన్నాను.

"ఆయనొస్తే మీ సలహా వినరు. నేను కాబట్టి వింటున్నాను. కన్నాలెక్కడ?"

చూపించాను. రెండు కన్నాలూ కంపాస్‌తో గీసినట్టు గుండ్రంగా కోసింది. కోస్తున్నంతసేపూ నేను చూసింది చెక్కని మాత్రం కాదు. ఆ తర్వాత మహా ఆర్భాటంగా కన్నానికొకటి చొప్పున రెండు ఫ్యాన్లు బిగించి తలుపు వేశాను. అరగంటకి కంప్యూటర్ ఆగిపోయింది.

"కన్నాలు చిన్నవైపోయాయి," అన్నాను గంభీరంగా.

"మీరిచ్చిన కొలతేగా?"

"అయితే చెక్క మందమెక్కువ."

"ఇంకా నయం, చెట్టుదే తప్పనలేదు!"

ఈలోగా అత్త ఎదురింటావిడకి ఫోన్ కలిపేసింది. "వదినా, ఆ టేబుల్ ఆర్డర్ ఇవ్వకు. ఈ పిల్లకి పని రాదట. మా వాడు చెప్పాడు."

అమ్మాయి ముఖం పాలిపోయింది. "నాన్న షాపు నా చేతికిచ్చాక ఇదే మొదటి పని," అంది నెమ్మదిగా. "ఎదురింటివాళ్లది రెండోది. మూడోది ఇంకా లేదు."

ఆపైన కొలతల పుస్తకంలోంచి కాగితం ముక్క చింపి కింది కన్నం దగ్గర పట్టుకుంది. గాలి లోపలికి లాగేసరికి కాగితం ఫ్యాను జాలీకి అతుక్కుంది. పై కన్నం దగ్గర పెడితే అక్కడా అంతే.

"రెండూ లోపలికే ఊదుతున్నాయి," అంది నాకు మాత్రమే వినపడేలా. "లోపలి వేడి ఎటు పోవాలి సార్? మీ అత్తగారిని అడిగి తలుపు తీయించుకోవాలా?"

ఫ్యాను పక్కన గాలి ఎటు పోతుందో చూపించే బాణం గుర్తు ఉంది. చిన్నదేం కాదు.

గుట్టుచప్పుడు కాకుండా ఫ్యాను తిప్పేసి 'సెట్టయింది' అంటే నా పరువు దక్కేది. ఆమె నన్ను బతిమాలలేదు, పనిముట్లు సంచిలో సర్దుకుంటోంది. ఆ అమ్మాయి ఇక ఈ గుమ్మం తొక్కదేమోనని నాకు భయం పట్టుకుంది.

"అత్తా, ఫోన్ పెట్టకు. తప్పు నాది. పై ఫ్యాను తిరగేసి బిగించాను."

"ఫ్యాను మీద బాణం గుర్తు ఉంటుందని పొద్దున నాకే పాఠం చెప్పావుగా?"

"ఉంది. చూడలేదు."

"మరి దేన్ని చూశావురా?"

నేను నేల చూపులు చూశాను. అమ్మాయి సంచి సర్దడం ఆపింది. ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పిన మనిషి, అత్తకి లెక్క తేలడానికి ఎంతోసేపు పట్టలేదు.

"వదినా, పిల్ల పని బంగారం. మొద్దు మా వాడే," అంది ఫోన్లో. "ఆగాగు, పెట్టకు. ఇక్కడింకేదో జరుగుతోంది."

నాలుగు స్క్రూలు విప్పి ఫ్యాను తిప్పాను. ఈసారి పై కన్నం దగ్గర కాగితం బయటికి రెపరెపలాడింది, వెచ్చటి గాలి ఇద్దరి చేతులకీ తగిలింది.

"అందరి ముందూ భలే ఒప్పుకున్నారే," అందామె.

"ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. మీరంటే నాకు చాలా ఇష్టం."

ఆమె నవ్వాపుకుంది. "కొలతలు తీసేటప్పుడు టేపు రెండో కొస పట్టుకోవడానికి నాకో మనిషి కావాలి. సలహాలివ్వకుండా పట్టుకోగలరా?"

"ఎన్నాళ్లయినా."

ఫోన్లోంచి ఎదురింటావిడ గొంతు పెద్దగా వినపడింది. "ఏమందొదినా? పిల్ల ఏమంది?"

అమ్మాయి అత్త చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"సరేనన్నానండీ. కొలతలకి రేపు ఇద్దరం వస్తాం. మీ టేబుల్‌కి మాత్రం తలుపు పెట్టను."