ఒక గురువు తక్కువ

ఉదయం తొమ్మిదీ పదికి కంపోజిటర్ పర్వతాలు బొల్లారంలోని గూఢచారి డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేశాడు. తొమ్మిదీ ఇరవైకి చచ్చిపోయాడు.

ఫోన్‌లో అతను చెప్పింది రెండు ముక్కలే. "నాలుగో వ్యాసం జెర చూడుండ్రి సార్. లెక్కలు తెల్సినోన్ని పంపుండ్రి." అంతలో లైన్ తెగిపోయింది. రెజిమెంటల్ బజార్‌లోని ప్రెస్సులో, అతను రోజూ అక్షరాలు పేర్చే బల్ల పక్కనే స్టూలు మీంచి ఒరిగిపోయి ఉన్నాడు. గుండెపోటు అన్నాడు వచ్చిన డాక్టరు. మెడ వెనక సూదిమొనంత ఎర్రటి చుక్క అతని కంటబడలేదు. కాంపౌండరు వేషంలో వెంట వెళ్ళిన డిపార్ట్‌మెంట్ మనిషి కంటబడింది.

పదిన్నరకి బొల్లారం బంగళాలో డైరెక్టర్ రామకృష్ణ ముందు జకర్యా కూర్చున్నాడు. జకర్యా ఫీల్డ్ ఏజెంట్ కాదు, కోడ్ బ్రేకర్. కాలేజీలో లెక్కలు చెప్పుకునేవాణ్ణి డిపార్ట్‌మెంట్ పట్టుకొచ్చి ఫైళ్ళ గదిలో కూర్చోబెట్టింది. ఎనిమిదేళ్ళ సర్వీసులో అతను చూసిన పెద్ద ప్రమాదం ఒకసారి సీలింగ్ ఫ్యాన్ ఊడిపడటం.

రామకృష్ణ బ్రీఫింగ్ నాలుగు నిమిషాల్లో ముగించాడు. దక్కన్ పరిశోధన మండలి వార్షిక సభ ఆ సాయంత్రం నాలుగింటికి. మండలి పత్రిక విడుదల, ఏడుగురు పరిశోధకులకు సన్మానం. ముగ్గురు ఫిజిక్స్ వాళ్ళు, ఇద్దరు గణితం వాళ్ళు, ఒక భాషాశాస్త్రవేత్త, పాత లిపుల మీద పనిచేసే ఒక చరిత్రకారుడు. సైన్యానికి కొత్త రహస్య లిపి తయారుచేస్తున్నది ఆ ఏడుగురే. వాళ్ళను చంపడానికి ఒక విదేశీ ముఠా ఏడుగురు షూటర్లను ఊళ్ళోకి దింపింది. ఆ షూటర్లకు ఒకరి ముఖం ఒకరికి తెలియదు. ఆఖరి ఆర్డరు ఏదో దారిలో అందాలి. ఆ దారి పత్రికేనని, దాన్ని అచ్చువేసే ప్రెస్సులో డిపార్ట్‌మెంట్ మనిషిగా ఉన్న పర్వతాలుకి అనుమానం. సభ ఆపితే షూటర్లు చెల్లాచెదరై, తర్వాత పరిశోధకులను ఒక్కొక్కరినీ ఇంటి దగ్గరే కాల్చేస్తారు.

ఈ సంగతులన్నీ చేరవేసింది మేబెల్. పత్రిక ఎడిటర్. మూడేళ్ళుగా ముఠాలో తిరుగుతున్న డబుల్ ఏజెంట్. ప్రెస్సులో ఆమే జకర్యాకు అండ.

"సార్, నాకు భయంగా ఉంది," అన్నాడు జకర్యా.

"పర్వతాలుకి భయం ఉండేది కాదు," అన్నాడు రామకృష్ణ. "ఏమైందో చూశావుగా."

చేతికి ఒక పెన్ను ఇచ్చారు. క్యాప్ మూడుసార్లు తిప్పితే బొల్లారంలో ఎర్రబల్బు వెలుగుతుందట. తలకి తెల్లరంగు పూసి, సోడాబుడ్డి కళ్ళద్దాలు పెట్టారు. రిటైరైన ప్రూఫ్ రీడర్ ఒకాయన పదకొండున్నరకి ప్రెస్సు మెట్లెక్కాడు.

ప్రెస్సు యజమాని తుకారాం స్టూలు చూపించాడు. "పొద్దుగాల గీ స్టూల్ మీదనే కూసున్నడు పర్వతాలు. మంచిగనే ఉండె. ఫోను సుత అప్పటిసంది పనిచేస్తలేదు. ఇయ్యాల ఏం దినమో ఏమో."

జకర్యా ఆ స్టూలు మీద కూర్చున్నాడు. మెడ వెనక చల్లగా అనిపించింది. చెయ్యి పెట్టి చూసుకుంటే చెమట.

పావుగంటకి మేబెల్ వచ్చింది. లేతనీలం సిల్కు చీర, భుజాల దాకా కత్తిరించిన జుట్టు, నల్లకళ్ళద్దాలు, ఆమె కన్నా ముందే గదిలోకి వచ్చే సెంటు వాసన. బయట ఎండ మండుతోంది. ఆమె చేతిలోని పొడుగాటి గొడుగు మాత్రం ముడిచే ఉంది.

"ఇక్కడ నిఘంటువు దొరుకుతుందా మేడమ్?" అన్నాడు జకర్యా, నేర్చుకొచ్చినట్టే.

"చివరి సంపుటం చెదలు తిన్నది," అంది ఆమె. కోడ్ సరిపోయింది. జకర్యాకి ఊపిరి తిరిగింది.

ఆఖరి ఎనిమిది పేజీలు మాత్రం ఇంకా అచ్చు కావాలి. ఒంటిగంటకి మెషీన్ షురూ. అతను నాలుగు వ్యాసాల ప్రూఫులూ ముందేసుకున్నాడు. పర్వతాలు నాలుగోది అన్నా, లెక్కలు తెలిసినవాణ్ణి పంపమన్నాడు కదా అని ముందు మూడో వ్యాసం పట్టుకున్నాడు. ప్రధాన సంఖ్యల మీద గణితవ్యాసం. నలభై నిమిషాలు ప్రతి పట్టికనీ కూడి, తీసి, తిరగేసి చూశాడు. ఏమీ లేదు. అప్పుడు నాలుగోది తీశాడు. దంపుళ్ళ పాటల్లో గణవిభజన. రెండే పేజీలు. పాట పాదాల మీద గురులఘువుల గుర్తులు వేసి ఉన్నాయి.

జకర్యా తండ్రి పాస్టరు, కీర్తనలు కట్టేవాడు. చిన్నప్పుడు కొడుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని వేళ్ళ మీద గురువూ లఘువూ లెక్కపెట్టించేవాడు. అందుకే మొదటి పాదం దగ్గరే జకర్యా చూపు ఆగిపోయింది. 'చిలుక' అన్న మాటలో మూడూ లఘువులే. దాని మీద మూడు గురువులు వేసి ఉన్నాయి. ఇంకోచోట ఒంటి లఘువుని గణంగా విడగొట్టారు. పాట నడకలో అలా ఎవరూ విడగొట్టరు.

పొడుగు గురువుని గీత, పొట్టి లఘువుని చుక్క అనుకుంటే, ఇది మోర్స్ కోడ్.

కాగితం మీద పెట్టకుండా మనసులోనే చదివాడు. ఇంగ్లీషులో చిన్న ఆర్డరు. వేదిక మీద ఏడుగురు. ఐదు గంటలకు. చివర రెండక్షరాలు: జి, ఓ. గో.

వ్యాసం కింద రచయిత పేరు చూశాడు. మేబెల్.

"ఏమైనా దొరికిందా జకర్యా గారూ?"

ఆమె వెనకే నిలబడి ఉంది. గొడుగు కొస నేలకి ఆనించి లేదు. అతని మెడకి జానెడు దూరంలో ఉంది. ఆ కొసలో సన్నటి రంధ్రం అతనికి అద్దాల అంచులోంచి కనిపించింది. పర్వతాలు తన అనుమానం ముందుగా ఎవరికి చెప్పి ఉంటాడో అప్పుడు అర్థమైంది. సభ ఆపొద్దని డిపార్ట్‌మెంట్‌ని నమ్మించింది కూడా ఆమే.

గణితవ్యాసం పంతొమ్మిదో పేజీలో పట్టిక మీద అనుమానంగా ఉందని, సున్నాలు వరసలో లేవని చెప్పాడు. ఆమె అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత నవ్వింది.

"గుడ్. పర్వతాలు కూడా ఇంత శ్రద్ధగా చూసేవాడు."

అతను జేబులో పెన్ను క్యాప్ మూడుసార్లు తిప్పాడు. అది అందిందో లేదో తెలిసే దారి లేదు.

ఒంటిగంటకి తుకారాం ఎనిమిది పేజీల అచ్చు చట్రాన్ని మెషీన్ మీదికి ఎత్తాడు. కాగితం మడత లెక్కలో పంతొమ్మిదో పేజీ, నాలుగో వ్యాసం చివరి పేజీ పక్కపక్కనే పడ్డాయి. పట్టికలో ఒక సున్నా సరిచెయ్యాలన్నాడు జకర్యా. మేబెల్ వాచీ చూసుకుంది.

"ఒక్క నిమిషం."

అతను పట్టకారు తీసుకుని వంగాడు. ఆమె అతని భుజం మీదుగా చూస్తోంది. పట్టకారు సీసపు అక్షరాల మీద టకటకమంది. ముసలాయన కదా అన్నట్టు తుకారాం చట్రాన్ని అటువైపు నుంచి పట్టుకున్నాడు. జకర్యా ఎడమ చెయ్యి సున్నా మీద ఉంచి, కుడి చేత్తో పక్క పేజీ చివరి పాదంలో ఒకే ఒక్క గురువుని పీకేశాడు. ఆ చోట ఖాళీ ముక్క దూర్చాడు. మోర్స్‌లో 'జి' అంటే రెండు గురువులు, ఒక లఘువు. ఒక గురువు పోతే అది 'ఎన్'.

గో కాస్తా నో అయింది.

"సరే, నడుపు తుకారాం," అంది మేబెల్.

మూడున్నరకి పుస్తకాల కట్టలతో ఆమె కారెక్కింది. జకర్యా ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లోకి పరిగెత్తి బొల్లారానికి ఫోన్ చేశాడు. జరిగినదంతా చెప్పి, తన సిగ్నల్ అందిందా అని అడిగాడు. "ఏ సిగ్నల్? ఆ పెన్నులో బ్యాటరీ వెయ్యలేదట," అన్నాడు రామకృష్ణ. ఆమెను అప్పుడే పట్టుకోవద్దన్నాడు. వేదిక మీద ఆమె కనబడకపోతే ఏడుగురు షూటర్లకీ అనుమానం వస్తుంది. "నువ్వూ వచ్చి కూర్చో. ఆ వ్యాసం ఎవరు తెరుస్తున్నారో చూడాలి."

సికింద్రాబాద్ హాల్లో రెండు వందల మంది. నాలుగున్నరకి పత్రికలు పంచారు. జకర్యా పక్కన సఫారీ సూట్ వేసుకున్న నడివయసు మనిషి. మొదటి పేజీ కూడా చూడకుండా తిన్నగా నాలుగో వ్యాసం తెరిచాడు. గుర్తుల కింద గోరు పెట్టి నెమ్మదిగా జరుపుతున్నాడు. రెండో చెయ్యి ఒళ్ళోని తోలుసంచిలో ఉంది.

ఐదుకి ఇంకా ఆరు నిమిషాలుంది. గోరు చివరి పాదం దగ్గరికి వచ్చి ఆగింది. మళ్ళీ వెనక్కి వెళ్ళి ఒకసారి లెక్కపెట్టింది. జకర్యా కళ్ళు మూసుకుని తండ్రి కట్టిన కీర్తన ఒకటి గుర్తుచేసుకోబోతే ఒక్క మాటా గుర్తు రాలేదు.

కళ్ళు తెరిచేసరికి ఆ మనిషి సంచిలోంచి చెయ్యి తీశాడు. చేతిలో రుమాలు ఉంది. నుదురు తుడుచుకున్నాడు.

సరిగ్గా అప్పుడే వేదిక మీద మేబెల్ తన కాపీ తెరిచింది. ఆమె ముఖంలో రంగు పోవడం ఆఖరి వరస దాకా కనిపించింది. ఆమె లేచి, ఉపన్యసిస్తున్న అధ్యక్షుణ్ణి భుజం పట్టి తప్పించి మైకు అందుకుంది. నోరు తెరిచింది. 'గో' అని ఒక్క మాట చాలు.

జకర్యాకి ఏం చెయ్యాలో తోచలేదు. చప్పట్లు కొట్టాడు.

మొదట ఒక్కడే. ఉపన్యాసం అయిపోయిందన్న ఆనందంతో పక్క వరస అందుకుంది. మరుక్షణం హాలంతా చప్పట్లే. ఆమె పెదాలు కదిలాయి గానీ మాట వినబడలేదు. పూలదండలతో ఇద్దరు ఆడవాళ్ళు వేదికెక్కి, ఆమె మెడలో దండ వేసి, చెరో చెయ్యీ పట్టుకుని పక్కగదిలోకి తీసుకెళ్ళారు. వాళ్ళు పోలీసులని జనానికి తెలియదు. సమోసా పళ్ళేలతో తిరుగుతున్నవాళ్ళూ పోలీసులే. ఐదు గంటలు కొట్టేలోపు ఏడు సంచులనూ, ఏడుగురు షూటర్లనూ చప్పుడు లేకుండా బయటికి నడిపించుకుపోయారు.

జకర్యా చేతులు ఇంకా ఆగలేదు. చప్పట్లు ఎప్పుడు ఆపాలో తెలియక ఆఖరికి అతనొక్కడే మిగిలాడు.

ఆ సాయంత్రం రామకృష్ణ రిపోర్టు ఇలా ముగించాడు: "రెండు వందల మంది పండితులున్న సభలో, రాసినావిడను మినహాయిస్తే, ఛందస్సు వ్యాసం తెరిచి చూసినవారు సరిగ్గా ఏడుగురే. నేరస్థులను గుర్తించడంలో ఎలాంటి ఇబ్బందీ కలగలేదు."