లోపల ఎంతమంది?

మా ఆఫీసులో కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టాలంటే ఎవరి కాళ్ళావేళ్ళా పడక్కర్లేదు. పోర్టల్ తెరిచి, టెంప్లేట్ ఎంచుకుని, నాలుగు గళ్ళు నింపి బటన్ నొక్కితే చాలు. కోడ్ దాచుకునే చోటు, సర్వరు, పరీక్ష గదిలోకి వెళ్ళడానికి కార్డు అనుమతి, అన్నీ వాటంతటవే వచ్చేస్తాయి. మూసేటప్పుడూ అంతే, ఒక్క బటన్‌తో అన్నీ పోతాయి. ఆ టెంప్లేట్లకు కొత్త కమాండ్లు రాసి తగిలించడం నా పని. ఆరేళ్ళుగా చేస్తున్నాను. కళ్ళు మూసుకుని చేసేస్తానని కాస్త పొగరు కూడా ఉండేది.

ఆ శనివారం మధ్యాహ్నం మా మేనేజర్ ఫోన్ చేశాడు.

"ఆ కొత్త కమాండ్ ఇవాళ చూసేయమ్మా. సోమవారం పైవాళ్ళకి చూపించాలి."

"ఐదింటికి పాప ఈత క్లాసు అయిపోతుంది సార్. వాళ్ళ నాన్న ఊళ్ళో లేరు, నేనే వెళ్ళాలి."

"ఇంకొకళ్ళకైతే రెండు గంటల పని. నీకు అరగంట చాలదూ?"

నన్ను మునగచెట్టు ఎక్కిస్తున్నాడని తెలుసు. అయినా ఎక్కాను.

పరీక్ష గది నేల కింది అంతస్తులో చివరన ఉంటుంది. కిటికీలు లేవు. మెషీన్ల హోరు, ఎముకలు కొరికే చలి. లోపలికి వెళ్ళడానికీ కార్డే, బయటికి రావడానికీ కార్డే. సెల్‌ఫోన్ పనిచెయ్యదు. గోడకి ఒక ఫోన్ ఉంది కానీ, అది మాస్టారు పోయాక బిగించింది.

మాస్టారు అని మేమంతా పిలిచే ఆయన మాకు పని నేర్పిన పెద్దాయన. రిటైరైన రోజు, ఒక శుక్రవారం, ఏదో మిగిలిపోయిందని ఈ గదిలోకి వచ్చారు. సాయంత్రం ఆరింటికి పోర్టల్ ఆయన ప్రాజెక్టును మూసి, ఆయన కార్డును రద్దు చేసింది. ఇంట్లో ఒంటరి మనిషి, వెతికేవాళ్ళు లేరు. సోమవారం పొద్దున తలుపు తీస్తే నేల మీద ఉన్నారు. గుండె ఆగిందన్నారు, క్షణంలో పోయుంటారన్నారు. నేను రికార్డులో "తలుపు లోపం" అని రాసి మూసేశాను.

కానీ తలుపు లెక్క నేను చూశాను. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా, లోపలివైపు నుంచి ఆయన నూటపద్నాలుగు సార్లు కార్డు పెట్టారు. ఎవరికీ చెప్పలేదు. చెబితే, గదిలో మనిషి ఉన్నాడో లేడో చూడకుండా కార్డు రద్దు చేసే కమాండ్ ఎవరు రాశారని అడుగుతారు. రాసింది నేనే.

అందుకే ఈ కొత్త కమాండ్. రద్దు చేసే ముందు లోపల ఎవరున్నారో చూస్తుంది. లోపల ఉన్నవాళ్ళ కార్డు ఉంచుతుంది, బయట ఉన్నవాళ్ళది తీసేస్తుంది. దీంతో నా తప్పు కడుక్కుంటున్నాననుకున్నాను.

లోపల మనిషి ఉంటేనే దాన్ని పరీక్షించగలం కాబట్టి ఆ గదిలోకే వెళ్ళి కూర్చుని, నా పేరు మీద ఉత్తుత్తి ప్రాజెక్టు ఒకటి తెరిచి, దాన్ని మూసే బటన్ నొక్కాను. ముందు 'ప్రయత్నం' గడిలో టిక్కు పెట్టాను. టిక్కు ఉంటే ఏం జరగబోతోందో చెప్పి ఊరుకోవాలి, నిజంగా ఏమీ చెయ్యకూడదు.

తెర మీద ఒక వరుస వచ్చింది.

లోపల ఒక్కరు.

బాగానే ఉందనుకుని పక్కన ఉన్న కార్డు నంబరు చూశాను. అది నాది కాదు. మాస్టారిది.

పాత రికార్డు ఎక్కడో ఇరుక్కుందని సరిపెట్టుకున్నాను. కింద ఇంకో వరుస వచ్చింది. నా నంబరు. బయట ఉన్నారు. కార్డు రద్దయింది.

రద్దయిందా! టిక్కు పెట్టానుగా? కోడ్ తెరిచి చూశాను. కొత్త కమాండ్‌ను నా పాత కమాండ్ నుంచే కాపీ కొట్టాను. ఆ పాతదానికి 'ప్రయత్నం' అంటే ఏంటో తెలియదు. అది ఎప్పుడూ నిజంగానే చేస్తుంది.

తలుపు దగ్గరికి వెళ్ళి కార్డు పెట్టాను. కీక్... ఎర్ర లైటు. మళ్ళీ పెట్టాను. ఎర్ర లైటే.

నాలుగూ ఇరవై. గోడ ఫోన్‌లో గార్డుని పిలిచాను. పాపం తలుపు అవతలికి పరుగున వచ్చి, తన సెల్‌ఫోన్‌లోనే మాట్లాడాడు.

"నా కార్డుకీ ఎర్ర లైటే మేడమ్. మెకానిక్ రావడానికి రెండు గంటలు పడుతుందట."

"అమ్మో, పాప ఒక్కతే ఉంటుంది. ఇంకేదైనా చూడు బాబూ."

అతను గొంతు తగ్గించాడు. "మేడమ్... లోపల మీతో ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరు. ఏం?"

"తలుపు సందులోంచి ఎవరో... ఒక్కసారి చూడు నాయనా, అంటున్నారు. ముసలి గొంతు."

ఫోన్ కట్ అయింది. అడుగుల చప్పుడు దూరమైపోయింది.

అప్పుడు వాసన వచ్చింది. మోకాళ్ళకి రాసుకునే నొప్పి మందు వాసన. మాస్టారు రోజూ రాసుకునేవారు. నేను వెనక్కి తిరగలేదు. కుర్చీలో కూర్చుని, కార్డు తిరిగి ఇమ్మని అడిగే ఫారం తెరిచాను. కారణం రాయాలి. నేను చేసిన ఫారమే అది, చుక్క పెట్టినా ఒప్పుకుంటుంది.

'పరీక్ష' అని రాశాను. ఒప్పుకోలేదు.

'పొరపాటు' అని రాశాను. ఒప్పుకోలేదు.

'తలుపు లోపం.'

కీక్...

నా చేతులు రెండూ కీబోర్డు మీద ఉన్నాయి. కార్డు నా మెడలో ఉంది. తలుపు దగ్గర మళ్ళీ... కీక్... ఇంకోసారి... ఓపిగ్గా, ముసలి చెయ్యి పెట్టినట్టు.

ఏడుస్తూ రాశాను. ఆ కమాండ్ నేనే రాశాను. ఆయన నూటపద్నాలుగు సార్లు తలుపు తెరవబోయారు. నాకు తెలుసు. భయపడి దాచాను. క్షమించండి మాస్టారూ.

ఒప్పుకుంది. కార్డు పెడితే పచ్చ లైటు.

మెట్లు రెండేసి చొప్పున ఎక్కి కారులో పడ్డాను. గేటు దగ్గర గార్డు తలెత్తలేదు. గేటు మాత్రం తెరిచే ఉంది. దాటబోతూ బండి ఆపాను. ఆ ఫారం ఇంకా ఎవరికీ చేరలేదు. పంపినదాన్ని వెనక్కి తీసుకోవడానికి పది నిమిషాల గడువుంటుంది. ఆ గడువు కూడా నేనే పెట్టాను. ఉద్యోగం పోతే? పోలీసులొస్తే? పాప గతేంటి?

ఫోన్‌లో వెనక్కి తీసుకున్నాను. దాని మీద మనసు పెట్టకుండా బండి నడిపాను.

ఐదూ ఐదుకి ఈతకొలను దగ్గరున్నాను. ఎదురుగా అద్దం తలుపు. మనిషి వస్తే దానంతటదే తెరుచుకుంటుంది. నేను వెళ్ళి నిలబడ్డాను. తెరుచుకోలేదు. చెయ్యి ఊపాను. లోపల పాప తడి జుట్టుతో, సంచీ ఒళ్ళో పెట్టుకుని, సరిగ్గా నా వైపే చూస్తోంది. నవ్వాను. అది నవ్వలేదు.

ఎవరో తండ్రి నా పక్కనుంచి వచ్చాడు. అతనికి తలుపు తెరుచుకుంది. మూసుకునేలోపు పాప మాట వినబడింది.

"అమ్మ ఇంకా రాలేదు మిస్."

"చిన్నీ!" అని అరిచాను, అద్దం మీద రెండు చేతులతో కొట్టాను. పాప నాలోంచి రోడ్డు మీదికి చూస్తోంది.

చేతిలో ఫోన్ మోగింది. పోర్టల్ నుంచి. ఫారం వెనక్కి తీసుకున్నారు, కార్డు రద్దయింది.

లోపల ఒక్కరు. పక్కన నా నంబరు. దాని కింద, లోపలివైపు నుంచి కార్డు పెట్టిన సార్లు... ఆరు. చూస్తుండగానే ఏడు.

మెడలో తడుముకున్నాను. తాడు ఉంది. కార్డు లేదు.