అజరం వెతికిన నవ్వు

రెండువేల ఎనభై నాలుగు నాటికి విశాఖపట్నంలో దాదాపు ఎవరింట్లోనూ స్పీకర్లు లేవు. పాటయినా వార్తయినా చెవి వెనక అతికించుకునే శ్రవణబిళ్లలోంచి నేరుగా బుర్రలోకి వెళ్లిపోతోంది. ఒకే గదిలో నలుగురు కూర్చుని నాలుగు పాటలు వింటారు, ఒకరిది ఒకరికి వినపడదు. ఇళ్లల్లో పోట్లాటలు తగ్గాయని ప్రభుత్వం గొప్పగా చెప్పుకుంటోంది. మాటలు కూడా తగ్గాయి కానీ, ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

అలాంటి ఊళ్లో డెబ్భై ఆరేళ్ల నూకరాజు స్టీరియోకి పవర్ ఆంప్లిఫయర్ కొనాలని నెలన్నరగా తిరుగుతున్నాడు. మామూలుది కాదు, తను పోయేదాకా చెడిపోనిది కావాలి. సరదాపడే శ్రీమంతుల కోసం అలాంటివి తయారుచేసేవాళ్లు ఇంకా ఇద్దరు ముగ్గురు మిగిలారు. రెండుచోట్ల విని పెదవి విరిచాడు. చివరికి చంకలో పాత టేపు రికార్డరు, జేబులో ఒక క్యాసెట్టుతో రుషికొండలోని డాక్టర్ మృణాళిని ప్రయోగశాలకు వచ్చాడు.

ఆవిడ కనిపెట్టిన ఆంప్లిఫయర్ పేరు అజరం. ఏ ఆంప్లిఫయర్లోనైనా ముందు ముసలివయ్యేవి కెపాసిటర్లు. పాతికేళ్లకు ఎండిపోతాయి, వాటితోపాటు ధ్వనీ ఎండిపోతుంది. అజరంలో అలా కాదు. దాని భాగాల్లో తిరిగే సూక్ష్మరేణువులు ఎక్కడ పగులు కనిపిస్తే అక్కడికి వెళ్లి దాన్ని పూడ్చేస్తాయి. ఈ పద్ధతికి ఆవిడ స్వయంచికిత్స అని పేరు పెట్టింది. మూడొందల ఏళ్లు నడుస్తుందని, లోపలికి వెళ్లిన శబ్దంలో రవ్వంత కూడా పోగొట్టదని, రవ్వంత కూడా కలపదని చెప్పింది. వేడి ఎక్కడికి పోతుందని నూకరాజు అడిగాడు. కొనడానికి వచ్చినవాళ్లలో ఆ ప్రశ్న వేసినవాడు ఇతనొక్కడే కావడంతో ఆవిడ ముచ్చటపడి, టీ తెప్పించి మరీ మూత విప్పి చూపించింది.

తర్వాత క్యాసెట్టు పెట్టారు. అజరం మాట్లాడుతుంది కూడా. "దయచేసి రెండు స్పీకర్లకు సరిగ్గా మధ్యన కూర్చోండి. తల కదపకండి" అంది అజరం.

"నాకు సెప్తన్నావా" అని నూకరాజు నవ్వాడు. ముప్ఫై ఏళ్లు స్టీరియోలు బాగుచేసిన మనిషి. తల ఇటు వంచితే ఒక ధ్వని, అటు వంచితే ఒక ధ్వని అని అతనే పదిమందికి నేర్పాడు.

క్యాసెట్టులో ఒక ఆడగొంతు లెక్కపెడుతోంది. ఒకటి, రెండు, మూడు. అది అతని భార్య పైడమ్మ. అతని దుకాణంలో ట్రాన్స్‌ఫార్మర్లకు రాగితీగ చుట్టేది ఆవిడే, చుట్టు చుట్టుకీ పైకే లెక్కపెట్టేది. ఒకరోజు ఆవిడకు తెలియకుండా రికార్డు చేశాడు. ఆ రోజు నుంచి బాగుచేసిన ప్రతి ఆంప్లిఫయర్నీ ఆ క్యాసెట్టుతోనే పరీక్షించేవాడు. లోకంలో తనకు బాగా తెలిసిన గొంతు అదొక్కటే, అది సరిగ్గా పలికితే మిషను సరిగ్గా ఉన్నట్టే అని అతని లెక్క. పైడమ్మ పోయి ఐదేళ్లయింది. దుకాణం మూసేశాడు. ఆ క్యాసెట్టు మళ్లీ వినే మనసు కలిగేసరికి అతని పాత ఆంప్లిఫయర్ ఎండిపోయింది.

అరవై దగ్గర లెక్క ఆగింది. "ఇంక సాలు. అన్నం సల్లారిపోతంది, రండి" అంది పైడమ్మ. తర్వాత టేపు గుర్రుమంది.

నూకరాజు మొహం వాడిపోయింది. "ఇదీ మింగేసింది. సివర్న మా ఆవిడ నవ్వుతాదమ్మా. సిన్న నవ్వు. నా పాతదాంట్లో రోజూ వినపడేది."

ముందు చూసిన రెండింటినీ ఎందుకు కాదన్నాడో మృణాళినికి అప్పుడు అర్థమైంది. మూడుసార్లు వేసి చూశారు. టేపు మీద ఆ చివర ఏ నవ్వూ లేదని అజరం చెప్పింది. చెరిపేసిన జాడ కూడా లేదంది. నూకరాజు ఒప్పుకోలేదు. వేలసార్లు విన్న నవ్వు లేదంటే ఎలా ఒప్పుకుంటాడు? ఆ నవ్వు కోసమే బతికున్నట్టు ఉంది అతని వాలకం.

"మరొక్కసారి వెతుకుతాను. ఆ నవ్వు ఏ స్పీకర్లోంచి వచ్చేది? ఎడమా, కుడా?" అని అడిగింది అజరం.

మంచి ప్రశ్న. మెకానిక్కు వేయాల్సిన ప్రశ్న. నూకరాజు కళ్లు మూసుకుని, దుకాణంలో తన స్టూలు మీద కూర్చున్నట్టే తల నిటారుగా పెట్టాడు.

"ఎడమ కాదు. కుడీ కాదు. ఎనక..." అని ఆగిపోయాడు.

వెనక స్పీకరు లేదు. దుకాణంలో అతని వెనక ఒక తెర ఉండేది. తెర అవతల పైడమ్మ తీగ చుట్టుకుంటూ కూర్చునేది. టేపులో తన కసురు తనకే వినిపించినప్పుడల్లా నవ్వుకునేది.

"నాను తల తిప్పలేదమ్మా" అన్నాడు నూకరాజు. "ముప్ఫై ఏళ్లు. తల తిప్పితే ధ్వని మారిపోతాదని ఒక్కసారీ తిప్పలేదు. అది నవ్వితే మొగం ఎలాగుంటాదో సూళ్లేదు."

దేన్నీ పోగొట్టని యంత్రాన్ని చేశానని మృణాళిని ఇన్నాళ్లూ మురిసిపోయింది. ఆ గొంతునుబట్టి ఒక నవ్వు తయారుచేయగలనని, వెనక మూడో స్పీకరు పెట్టి అందులోంచి వినిపించగలనని ఆవిడ మెల్లగా చెప్పింది.

"వద్దులెమ్మా. అది నన్ను సూసి నవ్వదు కదా" అన్నాడు. అజరం మీద చెయ్యి వేసి, మంచి మిషను అన్నాడు, లేనిది కలపలేదు అన్నాడు. ఇంకొక్కసారి వేయమన్నాడు.

ఒకటి, రెండు, మూడు అని పైడమ్మ మొదలుపెట్టింది. నూకరాజు లేచి కుర్చీని వెనక్కి తిప్పి, స్పీకర్లకు వీపు పెట్టి కూర్చున్నాడు.

"ఇలా కూర్చుంటే ధ్వని సరిగా వినిపించదు" అని అజరం హెచ్చరించింది.

"తెలుసు."

ఎదురుగా తెల్లగోడ తప్ప ఏమీ లేదు. అతను దాన్నే చూస్తూ అరవైదాకా విన్నాడు. అన్నం చల్లారిపోతోందని పైడమ్మ పిలిచింది.

"వస్తన్నానే" అన్నాడు నూకరాజు.