మూడు దెబ్బలకు జవాబు

శ్రీరాంపూర్ కాలనీలో రికార్డు ప్లేయరు పెట్టుకోవడమంత బుద్ధితక్కువ పని ఇంకోటి లేదు. రోజూ మధ్యాహ్నం పక్కనున్న ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగ్ చేస్తారు. ఇల్లు అదురుతుంది, ముల్లు రికార్డు మీద గంతులేస్తుంది, పాట చెడుతుంది. ఆ అదురు మీద నేను ఏడాదిగా పగబట్టి ఉన్నాను.

బల్ల తీసి పారేసి గోడకు ఇనుప బ్రాకెట్లు కొట్టాను. వాటి మీద సగం గాలి నింపిన సైకిల్ ట్యూబు, దాని మీద గ్రానైట్ పలక, పలక మీద ప్లేయరు. స్పీకర్ల కింద ఇసుక నింపిన నూనె డబ్బాలు పెట్టాను. మా ఆవిడ దెబోరా చూసి చూసి ఒకరోజు అననే అంది.

"మీ బాపు ఉన్నప్పుడు గిదే పెట్టె ముక్కాలిపీట మీద పాడింది గదా. నీ కోపానికే అదురుతున్నదేమో."

నాకు ఒళ్లు మండింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, పరీక్ష పెట్టాను. ఆదివారం బ్లాస్టింగ్ ఉండదు. పరీక్ష సులువే. తిరగని రికార్డు మీద ముల్లు ఆనించి సౌండు నిండా పెంచాలి. ఇంట్లో ఎక్కడ ఏ చిన్న అదురున్నా ముల్లు పట్టుకుంటుంది, స్పీకర్లో వినిపిస్తుంది. ఏమీ వినిపించకపోతే నేను గెలిచినట్టు.

సన్నగా కరెంటు మోత, అంతే. ఫ్రిజ్ ఆపేశాను. ఫ్యాన్ కూడా ఆపేశాను. చెమటలు కారుతున్నా ప్రాణం హాయిగా ఉంది.

టక్. టక్... టక్.

మా మీది అంతస్తు మల్లక్క కారం దంచుతోందని అరికాలి మంట నెత్తికెక్కింది. మెట్లెక్కిపోయి తలుపు బాదాను.

"ఆదివారం గూడ దంచుడేందక్కా?"

ఆమె చేతిలో రిమోటుతో వచ్చింది. "నేనేం దంచుతలేనన్నా. టీవీ చూస్తున్న. ఊకె పరేషాన్ చేయకు."

కిందికొచ్చేసరికి దెబోరా స్పీకరు ముందు నిలబడి ఉంది. మళ్లీ మూడు దెబ్బలు పడ్డాయి. రెండో దెబ్బకూ మూడో దెబ్బకూ మధ్య కొంచెం ఎక్కువ ఎడం.

ఆ ఎడం ఎవరిదో నాకు తెలుసు.

పద్దెనిమిదేళ్ల కింద బొగ్గుబాయిలో మనుషులెక్కిన పట్టాల బండిని తాడుతో మీదికి లాగే ఇంజిన్ నాది. కింద ఉన్నవాళ్లు తీగ గుంజితే నా పక్కన సుత్తె ఇనుపరేకు మీద పడేది. మూడు దెబ్బలంటే మనుషులు ఎక్కుతామంటున్నారు. నేను తిరిగి మూడు కొడితేనే ఎక్కాలి. ఎక్కినవాళ్లు ఒక్కటి కొడితే ఇంజిన్ ఆపాలి. ఆ పొద్దున నా తమ్ముడు సాల్మన్‌తో కొట్లాడాను, ఈ ప్లేయరు కోసమే. బాపు పోయాక నేను తెచ్చుకున్నాను, వాడు తనకిమ్మన్నాడు. షిఫ్టు దిగే వేళకు అందరూ వచ్చేశారు, కింద వాడొక్కడే మిగిలాడు. మూడో దెబ్బకు ముందు కొంచెం ఆగడం వాడి అలవాటు. మూడు దెబ్బలు పడ్డాయి. కాసేపు ఆగనీ, బుద్ధి వస్తుంది అనుకుని చాయ్ తాగాను. ఆ పది నిమిషాల్లో బాయి పైకప్పు కూలింది. శవం దొరకలేదు, అక్కడే గోడ కట్టేశారు. తీగ దానంతటదే అదిరిందనుకున్నానని ఎంక్వైరీలో చెప్పాను. దెబోరాతో సహా అందరూ నమ్మారు.

టక్. టక్... టక్.

"గా దినం తీగ అదరలే," అన్నాను. ఈ మాట నా నోట్లోంచి రావడం అదే మొదలు. "తమ్ముడే కొట్టిండు. ఎరుకుండే నేను ఇంజిన్ తిప్పలే."

దెబోరా స్పీకరు దగ్గర నుంచి వెనక్కి జరిగింది. తర్వాత గుసగుసగా అంది.

"జవాబియ్యకు. వచ్చేటోడు గిన్నేండ్లు ఆగడు. గది సాల్మన్ కాదు."

మళ్లీ వాణ్ని ఆగబెట్టమంటుందా? నా మీద నాకే రోత పుట్టింది. వేలి కణుపుతో గ్రానైట్ పలక మీద కొట్టాను. ఒకటి. రెండు. మూడు.

ఏమీ లేదు... కరెంటు మోత ఒక్కటే.

బాయి అడుగు నుంచి మీదికి బండి రావడానికి ఏడు నిమిషాలు పట్టేది. గడియారం చూస్తూ కూర్చున్నాను. నాలుగో నిమిషంలో స్పీకర్లో తాడు బిగిసిన చప్పుడు... పట్టాల మీద ఇనుప చక్రాలు... గదిలో తడిబొగ్గు వాసన. దెబోరా ప్లగ్గు పీకేసింది. చప్పుడు పోలేదు. స్పీకరు వదిలేసి గచ్చు కిందికి వచ్చింది. నా కాళ్ల కింద ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. గోడలోంచి మీదికి పోయింది. పలక మీద ముల్లు మాత్రం కదల్లేదు. నేను కట్టిన కట్టడం అంత బాగుంది.

మల్లక్క మెట్ల మీది నుంచి పిలిచింది.

"అన్నా... మా గచ్చు మీదికెల్లి ఏందో పోతుంది... జర వచ్చి చూడు... ఇప్పుడు డాబా మీదికెక్కింది."

డాబా మీద ఇంకేముంది, ఎండ తప్ప. చక్రాలు ఇంకా మీదికే పోతున్నాయి. ఆపమని కొట్టాల్సింది ఎక్కినవాడు, నేను కాదు. ఆ ఒక్క దెబ్బ కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను.

పది నిమిషాలు దాటాయి. వాడు కొట్టడం లేదు.