పిల్లివంక మోరీ కాడ దొరికిన జుట్టు

నేను ఇంతవరకు ఏమీ రాసినదాన్ని కాదు. ఐదో తరగతితోనే బడి మానేసినా. తప్పులుంటే మీరే సర్దుకోండి.

కోడుమూరు పోయే దావలో పిల్లివంక మీద కట్టిన చిన్న వంతెన, ఆ మోరీకి శానా చెడ్డపేరు. మూడేండ్ల కింద వరమ్మ అనే ఆమె ఆ వంక నీళ్లలో కొట్టుకుపోయింది. అప్పటినుంచి ఆమే దయ్యమై బండ్లను పట్టి నిలుపుతాదంట. పక్కనే రేకుల కొట్టంలో ఉండే ఆమె తల్లి విశ్వాసమ్మ కూతుర్ని ఉసిగొల్పుతాదంట. అందుకని బండ్లోళ్లు కోడి తలకాయలతో దిష్టి తీసి వాటిని ఆ ముసలామె వాకిట్లోకే విసిరేస్తారు. ఆ కంపు... తలుచుకుంటే ఇప్పటికీ ముద్ద దిగదు.

దసరా అయినప్పటినుంచి మా ఆయన ఓబుళేశు సరుకుల బండికీ అదే గతి. మోరీ కాడికి వస్తే స్పీడు మీటరు ముల్లు సున్నాకు పడి బండి నిలిచిపోయేది.

ఆ రాత్రి కర్నూలులో ఉల్లిగడ్డలు దింపి వస్తాండాము. ముల్లు యాభై మీద ఉండాది. మోరీ గుంతలోకి దిగినాము... సున్నా. బండి ఒక కుదుపు కుదిపి — ఆగిపోయింది.

చీకట్లో కొట్టంలోనుంచి దగ్గు వినపడింది.

“రేపు నలుగురిని తీసుకొచ్చి ఆ కొట్టం పీకిస్తా,” అన్నాడు మా ఆయన గుసగుసగా. “ముసల్ది యాడికన్నా పోనీ.”



ఫోన్ చేస్తే మెకానిక్ రంగనాథ్ వచ్చినాడు. బండిలో లోపం చూపిచ్చే చిన్న పెట్టె ఒకటి తగిలిచ్చి చూసినాడు.

“స్పీడు సెన్సారన్నా. గేరుబాక్సు కాడ ఉంటాది. బండి ఎంత జోరుగా పోతాందో అది చెప్పాల. మధ్యలో చెప్పడం మానేస్తాంది.”

“ఈ మోరీ కాడనే ఎందుకు మానేస్తాది?”

“వరమ్మ కనపడితే అడిగి చెప్తా,” అని లైటు పట్టుకొని కిందికి దూరినాడు.

బండి కింద లైటు అటూ ఇటూ కదిలి ఒకచోట నిలిచింది...

“అన్నా,” అన్నాడు మెల్లగా. “ఈడ ఆడమనిషి జుట్టుండాది.”

మా ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. రంగనాథ్ లాగితే ఊడకుండా కిందికి వేలాడింది — మూరెడు జుట్టు, జిడ్డు, కుళ్లిన నిమ్మకాయ గుజ్జు, దాంట్లో తెల్ల పురుగులు. ఆ జుట్టు గుర్తుపట్టినా.

“నాదే,” అన్నా మా ఆయనతో. “దువ్వితే రాలినవి దాచిపెట్టి దిష్టితాడు పేనినా. దసరాకు బండి కింద కట్టింది నువ్వే. అమాసకమాస నిమ్మకాయ గుచ్చింది నువ్వే.”

రంగనాథ్ జాకీతో బండి ఎత్తి, ఇంజను నడిపి చక్రం తిప్పినాడు. తాడు పట్టి లాగినాడు. ముల్లు సున్నాకు పడింది. వదిలినాడు, లేచింది.

“గుంతలో బండి కుంగితే తాడు సెన్సారు వైరును గుంజుతాంది. నిమ్మకాయ పులుపుకు వైరు పిన్నులు కూడా తుప్పు పట్టినాయి. బండిని పట్టింది మా వదినే,” అని నవ్వినాడు.

తాడు కోసి పారేసి, వైరు అతికిచ్చి, కొత్త సెన్సారు బిగిచ్చినాడు. మోరీ మీద మూడుసార్లు తిప్పినాము. ముల్లు పడలేదు.

“అయినా ఆ ముసల్దాన్ని...” అన్నాడు మా ఆయన.

“కొట్టం జోలికి పోతే ఆ జుట్టు ఎవరిదో ఊరంతా చెప్తా,” అన్నా. పెండ్లయి ఇరవై ఆరేండ్లలో ఆయనకు ఎదురు చెప్పింది అదొక్క మాటే. ఆయన తల దించుకొని బండెక్కినాడు.

పొద్దున్నే పార, గంప తీసుకొని మోరీ కాడికి పోయినా. కోడి తలకాయలు ఏరి గుంతలో పూడ్చినా. నడుమ ఒకసారి వాంతి చేసుకున్నా.

విశ్వాసమ్మ వాకిట్లో నిలబడి చూస్తాండాది.

“ఎవురమ్మా నువ్వు?”

“వీటిలో రెండు మా బండికి దిష్టి తీసి ఏసినవే అవ్వా,” అన్నా తలెత్తకుండా.